పడకగది ఇరవై ఒకటి

ఆజర్ 9, శనివారం

బడి ల్యాబ్‌లో అట్ట ఊడిన నోట్‌బుక్ ఒకటి మిగిలిపోతే తెచ్చుకున్నాను. ఇందులో ఉష్ణోగ్రతలు తప్ప ఏమీ రాయను. ల్యాబ్ నుంచే నాలుగు థర్మామీటర్లు కూడా తెచ్చాను. చలికాలం పోయాక తిరిగి పెట్టేస్తానని హెడ్మిస్ట్రెస్‌కి చెప్పాను. "ఇంట్లో ఎవరికి జ్వరం?" అంది. "ఇంటికే" అన్నాను. నవ్వింది.

నిన్న మా హమదాన్ ఊరి పక్క అల్వంద్ కొండ మీద మంచు పడింది. పొద్దున ఏడు గంటలకి లెక్క ఇది:

ముందు గది (అత్తగారిది) 18
హాలు 23
మా పడకగది 27
వెనక గది 21

మా ఆయన ఇరజ్ అన్నది నిజమే. మా గది పొయ్యిలా ఉంది. ఇరవై ఏడు డిగ్రీల్లో ఏ మనిషికి నిద్ర పడుతుంది? అందుకే మూడు వారాలుగా దిండు తీసుకుని వెనక గదికి వెళ్ళిపోతున్నాడు. ఈ మూడు వారాలూ నేనేమేమో ఊహించుకున్నాను. తీరా చూస్తే ఇది నేల కింద వేడినీళ్ళ గొట్టాల గొడవ. గొట్టాల గొడవైతే బాగుచేయించుకోవచ్చు.

ఆజర్ 10

18, 23, 27, 21. అత్తగారు రెండు జతల సాక్సులు తొడుక్కున్నారు.

ఆజర్ 12

మధ్యాహ్నం ఉస్తా గొద్రత్ వచ్చాడు. ఎనిమిదేళ్ళ క్రితం ఈ ఇంటి నేలంతా తవ్వి గొట్టాలు పరిచింది ఆయనే. నడవ గోడలో ఉన్న ఇనప పెట్టె తలుపు తీసి నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పైన ఎర్ర కడ్డీ. బాయిలర్ నుంచి వచ్చిన వేడినీళ్ళు దాంట్లోంచి గదులకి వెళ్తాయి. కింద నీలం కడ్డీ. చల్లారిన నీళ్ళు దాంట్లోకి తిరిగొస్తాయి. గదికో గొట్టం, గొట్టానికో వాల్వ్, వాల్వ్ పక్కన వేలెడు గాజు గొట్టం. అందులో ఎర్ర ముల్లు నీళ్ళు ఎంత జోరుగా పోతున్నాయో చూపిస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఈ పెట్టె ముందు నుంచి తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

"మీ పడకగది ఈ పెట్టె పక్కనే ఉంది. గొట్టం పొట్టిది. నీళ్ళు ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాయి, వేడంతా అక్కడే దిగిపోతుంది" అన్నాడు. "మీ అత్తగారి గది ఆ చివర, ఉత్తరం వైపు. దాని గొట్టం మా ఆవిడ నాలుకంత పొడుగు. అక్కడికి చేరేసరికి నీళ్ళకి ఓపిక అయిపోతుంది."

"మరి ఎనిమిదేళ్ళుగా చెప్పలేదేం?"

"ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడగలేదుగా, ఇంజనీరుగారూ!" బడి టీచరుని నన్ను వేళాకోళానికి అలా పిలుస్తాడు.

ముందు గదిలోంచి అత్తగారు కేకేశారు. "ఒరే గొద్రత్, ఆ నాలుక సంగతి మీ ఆవిడకి ఫోన్ చేసి చెప్పమంటావా?"

"తూబా ఖానుం, మీకు పుణ్యముంటుంది, నా కాపురం కూల్చకండి! మీ గదిని వేడినీళ్ళ హమామ్ చేసి పెడతాను."

పడకగది వాల్వ్ కాస్త మూసి, ముందు గదిది బాగా తెరిచాడు. మిగతాది నన్ను చేసుకోమన్నాడు. "ఒకసారికి పావు తిప్పు మాత్రమే తిప్పండి. తిప్పాక ఒక రోజంతా ఆగండి. ఈ నేల మొండిది, ఇవాళ చెబితే రేపటికి గానీ వినదు. గంటగంటకీ తిప్పారంటే ఇల్లంతా తికమకైపోతుంది, నేనొచ్చినా సరిచేయలేను."

ఆయన వెళ్ళాక ఒక ఆలోచన వచ్చింది. ఎనిమిదేళ్ళూ ఇరజ్ ఇదే గదిలో, ఇదే వేడిలో పడుకున్నాడు కదా.

వయసు పెరిగేకొద్దీ వేడి ఎక్కువ తెలుస్తుందేమో. అతనికి నలభై ఎనిమిది నిండాయి.

ఆజర్ 13

18, 23, 27, 21. నేల మొండిది. ఆగాలి.

ఆజర్ 15

19, 23, 25, 21.

రొట్టె తింటుండగా ఇరజ్‌తో చెప్పాను. "మన గది ఇరవై అయిదుకి దిగింది."

"ఊఁ."

"ఇంకో వారంలో ఇరవై ఒకటికి తెస్తాను. వెనక గదీ అంతే ఉంది. ఇక తేడా ఉండదు."

"నువ్వెందుకు ఫరీ ఆ గొట్టాల ముందు కూర్చోవడం? గొద్రత్ చూసుకుంటాడుగా."

నేను శ్రమ పడుతున్నానని అతనికి బాధ. ఆ మాటే రోజంతా తలుచుకుంటూ తిరిగాను.

ఆజర్ 19

20, 22, 23, 21.

అత్తగారు ఒక జత సాక్సులు విప్పేశారు. నా తల మీద చెయ్యి పెట్టి, "నీ చేతులకి ఏ నొప్పీ రాకూడదే అమ్మాయ్" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. గది వెచ్చబడినందుకు ఎవరైనా ఏడుస్తారా? పెద్దవాళ్ళు, చిన్నదానికే కదిలిపోతారు.

ఇరజ్ ఆవిడని మళ్ళీ కెర్మాన్‌షా తీసుకెళ్ళాడు, కళ్ళ డాక్టర్ దగ్గరికి. ఎలాగూ రోడ్ల శాఖ పని మీద వారానికి రెండుసార్లు అటు వెళ్తూనే ఉన్నాడు. అసదాబాద్ కనుమలో మంచు తీయించే డ్యూటీ ఈ ఏడు అతనికే పడింది. వస్తూ బియ్యప్పిండి బిస్కట్లు డబ్బాడు తెచ్చారు. అత్తగారికి అదే పాత కళ్ళజోడు. డాక్టర్ మార్చనక్కర్లేదన్నాడట.

ఆజర్ 23

20, 22, 22, 21.

ఆజర్ 24

21, 22, 21, 21.

కుదిరింది! గాజు గొట్టాల్లో ముళ్ళన్నీ ఎక్కడుండాలో అక్కడ నిలిచాయి. పడకగది సరిగ్గా ఇరవై ఒకటి. దుప్పట్లు మార్చాను. కిటికీ అద్దాలు తుడిచాను. అతని వైపు దీపానికి కొత్త బల్బు పెట్టాను.

తొమ్మిదింటికి ఇరజ్ గుమ్మం దాకా వచ్చాడు. చెప్పు విప్పి, అరికాలు నేలకి ఆనించి చూశాడు. "బాగుంది ఫరీ. నిజంగా బాగా కుదిరింది" అన్నాడు. మంచానికి అవతలి వైపుకి జరిగాను. అతను అలమర తెరిచి, ఇంకో దుప్పటి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆజర్ 25

నడుం నొప్పట. గట్టి నేల మీద పడుకోమని ఎవరో చెప్పారట. ముందే చెప్పొచ్చుగా. నడుం నొప్పికి గొట్టాలతో పనేముంది, వేడినీళ్ళ సంచీ కొనేదాన్ని.

ఆజర్ 30

ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు రాత్రి, అందరం కలిసి మేలుకునే పండగ. మా అక్క మహీన్ మలాయిర్ నుంచి పుచ్చకాయ పట్టుకుని వచ్చింది. అత్తగారు దానిమ్మలు ఒలిచారు. ఇరజ్ రాలేకపోయాడు, కనుమలో మంచు.

వంటగదిలో మహీన్ నన్ను పక్కకి లాగింది. "వెనక గదిలో మగాడి పక్క ఉందేమిటి?"

"నడుం నొప్పి."

"పోయినసారి వేడి అన్నావ్."

"వేడి తగ్గించాను. ఇప్పుడు నడుం."

"ఒసే పిచ్చిదానా, మొగుడు గది మార్చాడంటే..."

"నీ మొగుడు ఇల్లే మార్చాడు, నువ్వు నాకు చెప్పకు" అన్నాను.

అనకూడని మాట. అక్క దానిమ్మగింజల గిన్నె బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని పొద్దుగూకకముందే బస్సుకి వెళ్ళిపోయింది. అత్తగారు ఏం జరిగిందని అడగలేదు. పుచ్చకాయ ముక్కలన్నీ మళ్ళీ మూత పెట్టి ఫ్రిజ్‌లో సర్దారు.

దెయ్ 3

ఇవాళ వెనక గది వాల్వ్ పావు తిప్పు మూశాను. అత్తగారి గదికి ఇంకొంచెం నీళ్ళు పోవాలి కదా. ఉత్తరం గాలి మొదలైంది. ఒక గదికి తగ్గిస్తే ఇంకో గదికి పెరుగుతుంది. అంతకన్నా వేరే కారణమేమీ లేదు.

దెయ్ 4

22, 22, 21, 20. ఇంకో పావు మూశాను.

దెయ్ 5

22, 22, 21, 18.

ఇరజ్ స్వెట్టర్ వేసుకుని టీ తాగాడు. "వెనక గది చల్లబడింది" అన్నాడు. "అవునా?" అన్నాను. మా గది ఇరవై ఒకటి ఉంది. నాలుగు అడుగులు వేస్తే చాలు.

దెయ్ 7

వెనక గది మళ్ళీ 21! పెట్టె తెరిచి చూస్తే వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఉంది. పిడి వదులైందేమో. మూశాను.

దెయ్ 8

మళ్ళీ తెరుచుకుని ఉంది. మూశాను.

దెయ్ 9

మళ్ళీ. గొద్రత్‌కి ఫోన్ చేశాను.

"తనంతట తనే తిరిగే వాల్వ్ నేనింతవరకు చూళ్ళేదు ఇంజనీరుగారూ. మీ ఇంట్లో జిన్ను ఉంటే చెప్పండి, మా ఇంటికి పంపించండి, చాలా పనులున్నాయి."

నవ్వాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పెట్టె ముందే నిలబడ్డాను. ఇరజ్ అయితే కాదు. అతనికి ఏ వాల్వ్ ఏ గదిదో తెలియదు.

దెయ్ 11

మంచు ఎక్కువై పది గంటలకే బడి మూసేశారు. పిల్లల్ని బస్సులెక్కించి నడుచుకుంటూ వచ్చాను.

తలుపు తీసేసరికి నడవలో అత్తగారు కనిపించారు. పెట్టె తెరిచి ఉంది. ఆవిడ నేల మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, నాలుగో వాల్వ్ తిప్పుతున్నారు. మోకాళ్ళు వంగని మనిషి. నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేస్తారు. ఆవిడ నేల మీద కూర్చోగా చూసి నాలుగేళ్ళయింది.

"ఖానుంజాన్, మీ గదిది అది కాదు. మొదటిది" అన్నాను.

"తెలుసే."

"మరి?"

"నువ్వు మూస్తున్నావ్, నేను తెరుస్తున్నా." చెయ్యి వాల్వ్ మీద నుంచి తీయలేదు. "వాడు చలికి వణికిపోతున్నాడు. నిన్న పొద్దున్నంతా దగ్గాడు, నీకు వినపళ్ళేదా?"

"చలేస్తే మా గదికి రావచ్చుగా. అక్కడ ఇరవై ఒకటి ఉంది. సరిగ్గా ఇరవై ఒకటి. ఆయన అడిగినంతే."

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్మాయ్, వేడికి తట్టుకోలేక కాదే వాడు ఆ గదికి పోయింది."

"నడుం నొప్పి."

"నడుమూ బానే ఉంది."

కోటు మీది మంచు కరిగి నేల మీద చుక్కలు పడుతున్నాయి. పడిన చుక్క పడినట్టే ఆరిపోతోంది. నేను ఆ చుక్కల్నే చూస్తున్నాను. ఆవిడ చెప్పేది వినకూడదని ఉంది, కానీ నేనే అడిగాను.

"హమదాన్‌లో కళ్ళ డాక్టర్లు లేరా ఖానుంజాన్?"

ఆవిడ ఒళ్ళోని కళ్ళజోడు మడిచి పక్కన పెట్టారు.

"ఎన్నిసార్లు వెళ్ళారు?"

"మూడుసార్లు. నాహీద్ ఆ పిల్ల పేరు. మొగుడు పోయాడు. తొమ్మిదేళ్ళ కూతురుంది."

"మీరు వాళ్ళింట్లోకి వెళ్ళారా?"

"టీ తాగాను" అంది ఆవిడ.

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"ఎండాకాలం నించి. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనేవాడు. చెప్పరా, చెప్పకపోతే నేనే చెప్పేస్తా అని ఎన్నిసార్లు తిట్టానో ఖురాన్ మీద ఒట్టు. వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయా. నువ్వేమో నా గదికి వేడి చాల్లేదని, రోజూ పొద్దున్నే ఇక్కడ కూర్చుని..." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా కొడుకు కదే అమ్మాయ్. ఏం చేయను నేను?"

ఎండాకాలం. అంటే నేను వెనక పెరట్లో చెర్రీలు ఎండబెడుతున్నప్పుడు. ఆవిడకి మోకాళ్ళ కట్టు కడుతున్నప్పుడు. మొత్తం ఆర్నెల్లు.

ఆవిడ లేవబోయింది, లేవలేకపోయింది. గోడ పట్టుకుంది, చెయ్యి జారింది. చంకల కింద రెండు చేతులూ పెట్టి లేపాను. కుర్చీ దాకా నడిపించాను.

లేపకుండా అక్కడే వదిలేసి ఉండాల్సింది.

దెయ్ 12

చూడలేదు.

దెయ్ 13

చూడలేదు.

దెయ్ 14

ఇరజ్ చెప్పాడు. వాళ్ళమ్మ చెప్పేసిందని తెలిశాక చెప్పాడు. హాల్లో సోఫా అంచున, కోటు కూడా విప్పకుండా, మాట్లాడడానికి ఆఫీసుకొచ్చిన మనిషిలా కూర్చున్నాడు.

"నేను చెప్దామనే అనుకుంటున్నా ఫరీ. నీ మొహం చూస్తే నోరు పెగల్లేదు."

ఏమేమో అడగాలని మూడు రోజులుగా అనుకున్నాను. అన్నీ ఎక్కడికి పోయాయో. "వాళ్ళిల్లు వెచ్చగా ఉంటుందా?" అని అడిగాను.

"ఏంటి?"

"నాహీద్ ఇల్లు. నేల వెచ్చగా ఉంటుందా?"

"ఉండదు. ఒక్క గ్యాస్ హీటర్ ఉంది. నేల చాలా చల్లగా ఉంటుంది."

"మరెలా ఉంటావ్?"

"సాక్సులేసుకుంటా." తలొంచుకున్నాడు. "ఆ పిల్ల నన్ను..." అని ఆగిపోయాడు.

ఆ పిల్ల అతన్ని ఏమని పిలుస్తుందో నేను అడగలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మాకు పిల్లలు పుట్టలేదు. ఎవరి లోపమో తెలుసుకోవద్దని పెళ్ళైన ఏడో ఏడు అతనే అన్నాడు. "తెలుసుకుంటే ఇద్దర్లో ఒకళ్ళం చిన్నబోవాలి, ఎందుకు?" అన్నాడు. ఆ మాటకి అతన్ని ఎంత ప్రేమించానో.

"కొత్త సంవత్సరం పండగ లోపల తేల్చుకుందాం" అన్నాడు. "ఇల్లు అమ్మ పేరు మీద ఉంది, నీకు తెలుసు."

"తెలుసు."

"నీకు తొందరేం లేదు. నీ ఇష్టం వచ్చినన్ని రోజులు..."

"కోటు విప్పు ఇరజ్. ఇక్కడ ఇరవై రెండు ఉంది, చెమట పడుతుంది" అన్నాను.

విప్పలేదు.

దెయ్ 15

22, 22, 21, 21.

ఎందుకు రాస్తున్నానో తెలియదు.

దెయ్ 22

22, 22, 21, 21. అతను కెర్మాన్‌షాలో ఉన్నాడు. వెనక గది ఖాళీగా ఉన్నా వెచ్చగానే ఉంది. వాల్వ్ మూయొచ్చు. మూయలేదు. ఒకవేళ వస్తే.

దెయ్ 28

మహీన్‌కి ఫోన్ చేశాను. "క్షమించు అక్కా" అన్నాను. "తెలుసే" అంది. ఆ వెంటనే, "అన్నం తిన్నావా?" అంది. "తిన్నా" అన్నాను. "అబద్ధం" అంది.

బహ్మన్ 11, శుక్రవారం

ఆవిడ భోంచేసి నిద్రపోతోంది. ఇరజ్ లేడు. పెట్టె తెరిచి అన్ని వాల్వులూ మూసేశాను. ముందు గది, హాలు, పడకగది, వెనక గది, వంటగది. ఒక్కొక్క ముల్లూ కిందికి జారి సున్న దగ్గర ఆగింది. ఈ ఇంట్లో ఎవరికీ వెచ్చదనం ఉండకూడదు. నేను వెళ్ళిపోయేటప్పుడు ఈ ఇల్లు రాయిలా ఉండాలి.

హాల్లో నేల మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను, చల్లబడడం చూద్దామని.

గంట గడిచింది. చేతి కింద నేల వెచ్చగానే ఉంది. రెండు గంటలు. కొంచెమైనా తగ్గలేదు. ఉదయం తాగిన నీళ్ళ వేడిని ఇంకా వదలడం లేదు. ఇంత పనిమంతుడివేమిటయ్యా గొద్రత్ అని తిట్టుకున్నాను.

ఆవిడ లేచి కర్ర పట్టుకుని హాల్లోకి వచ్చింది. తెరిచి ఉన్న పెట్టెని, నన్ను, మార్చి మార్చి చూసింది.

"మూసేశావా?"

"అన్నీ."

"సరే" అంది. గదిలోకి వెళ్ళి శాలువా తెచ్చుకుని నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. తెరవమని అడగలేదు. చల్లబడేదాకా తనూ నాతో కూర్చునేట్టు అక్కడే ఉండిపోయింది. కిటికీలో వెలుతురు తగ్గుతూ వచ్చింది. వంటగదిలో బాయిలర్ ఒకసారి వెలిగి, నీళ్ళు పోయే దారి లేక ఆరిపోయింది.

"పద్దెనిమిదేళ్ళలో నాకొక్కసారి కూడా ఎదురు చెప్పలేదు నువ్వు" అంది. "చెప్పి ఉండాల్సింది."

సాయంత్రం టీ వేళకి లేచి అన్నీ తెరిచాను. ఏ గదికి ఎంత తిప్పాలో చూడకుండానే నా చేతికి తెలుసు.

బహ్మన్ 27

ఇరుగుపొరుగు చూడకముందే సామాను బయటికి పంపించాను. రెండు సూట్‌కేసులు, పుస్తకాలు, మా అమ్మ ఇచ్చిన టీ కాచే సమోవర్. ఇరజ్ సాయం చేస్తానన్నాడు, వద్దన్నాను. మూడు థర్మామీటర్లు ల్యాబ్‌కి తీసుకెళ్ళాలి. నాలుగోది ముందు గదిలో మంచం పక్కన మేకుకి ఉంది. తీయడానికి ఆ గదిలోకి వెళ్ళాలి. వెళ్ళలేదు. హెడ్మిస్ట్రెస్‌కి పగిలిందని చెబుతాను.

ఎస్ఫంద్ 4

అద్దె గది. మూడో అంతస్తు. కిటికీలోంచి అల్వంద్ సగం కనిపిస్తుంది. గోడకి గ్యాస్ హీటర్. దాని ముందు కూర్చుంటే మొహం కాలుతుంది, వీపు చల్లగా ఉంటుంది. రాయడానికి ఏమీ లేదు. నా గదికి ఒకటే వేడి, ఒకటే పిడి.

ఆబాన్ 22

పుస్తకాలు సర్దుతుంటే ఈ నోట్‌బుక్ బయటపడింది. ఎనిమిది నెలల పైనే అయింది. మొదటి పేజీ చదివి నవ్వొచ్చింది. ఉష్ణోగ్రతలు తప్ప ఏమీ రాయనని ప్రతిజ్ఞ!

వసంతంలో కాగితాల మీద సంతకాలయ్యాయి. ఎండాకాలంలో అతను నాహీద్‌నీ, ఆ పిల్లనీ ఆ ఇంటికి తెచ్చాడని మహీన్ చెప్పింది. ఇరజ్ వాళ్ళమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. తీయలేదు.

ఆజర్ 6, గురువారం

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే తూబా ఖానుం. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మెట్ల కమ్మీ. పెదాలు నీలంగా ఉన్నాయి. వెనక టాక్సీ డ్రైవరు గుడ్డ కట్టిన గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఈ పెద్దావిడని మూడంతస్తులు ఎక్కించే సరికి నాకే గుండె నొప్పొచ్చింది" అని గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఇల్లు చలిగా ఉంది" అంది ఆవిడ.

"వాల్వులు ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారు? నువ్వు పెట్టినట్టే ఉన్నాయ్."

"మీ గది ఎంత చూపిస్తోంది?"

"ఇరవై రెండు."

"అయితే చలి లేదు."

"లేదా?" అంది. "ఏమోనే. నాకైతే చలిగానే ఉంది."

నా చెయ్యి తలుపు మీంచి జారింది. లోపలికి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. గిన్నెలో ఆష్, పప్పుల చిక్కటి చారు. ఎండు పెరుగు కషక్ కూడా పైన వేసి తెచ్చింది, ఇంకా వేడిగా ఉంది. ఇద్దరం తిన్నాం. బడి సంగతులు అడిగింది. గొద్రత్‌కి మనవడు పుట్టాడని చెప్పింది. వెనక గది ఆ పిల్లకి ఇచ్చారట. మంచి పిల్లేనట, లెక్కల్లో మాత్రం మొద్దట.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "పడకగది ఎలా ఉంది?"

"ఓ, అది చాలా బావుందట! ఇంత హాయిగా ఉన్న గదిలో ఎప్పుడూ పడుకోలేదని నాహీద్..." అప్పుడు నా మొహం చూసింది. చెంచా కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఎన్ని పొద్దులు ఆ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుదిర్చానో. సరిగ్గా ఇరవై ఒకటి. ఇరజ్ ఇప్పుడు దిండు తీసుకుని ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

గిన్నెలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు బాగా తిప్పి ఏడ్చాను. ఆవిడకి వినపడి ఉండదు. వినపడిందేమో, వెనక నుంచి పెద్దగా అంది, "ఈ నేలేమిటే ఇలా ఉంది? రాయి మీద కాళ్ళు పెట్టినట్టుంది. ఇందులో ఎలా ఉంటున్నావే?"

"సాక్సులేసుకుంటా" అన్నాను.

తన కాళ్ళు రెండూ కుర్చీ కడ్డీ మీదికి ఎత్తి పెట్టుకుని అలాగే కునికింది. నాలుగింటికి ఫోన్ మోగింది. ఇరజ్. సంతకాల తర్వాత మళ్ళీ ఇప్పుడే ఆ గొంతు.

"అమ్మ అక్కడికి వచ్చిందా?"

"వచ్చారు."

"చెప్పకుండా వెళ్ళిపోయింది. నేనొచ్చి తీసుకెళ్తా."

"వద్దు. టాక్సీలో పంపిస్తాను."

"ఫరీ..."

"మూడో అంతస్తు. దిగడానికి చాలాసేపు పడుతుంది. ఇప్పుడు మొదలుపెడితే గానీ కుదరదు. పెట్టేస్తున్నా."

ఒక్కో మెట్టు మీదా ఆగుతూ దింపాను. టాక్సీలో కూర్చున్నాక అద్దం దించి, "వచ్చే గురువారం వస్తానే అమ్మాయ్" అన్నారు.

రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు.

ఆజర్ 10

పాత బజారులో ముతక తివాచీ ఒకటి కొన్నాను. మందంగా ఉంది, ఒక మూల కాస్త పురుగు కొట్టింది. మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కేసరికి ప్రాణం పోయింది. కుర్చీ ముందు పరిచాను.

నా కోసమే కొన్నాను. నేల చల్లగా ఉంటోంది కదా.